తొలి క్లబ్ పోటీకి పేరు ఇవ్వాలా, ఆగాలా?

ప్రశ్న: నా వయసు నలభై దాటింది. మా అబ్బాయిని షూటింగ్ క్లబ్బులో చేర్పించి, అతని కోసం ఎదురుచూస్తూ కూర్చునే బదులు నేను కూడా పది మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. త్వరలో ఒక ఆదివారం సభ్యులు తమలో తాము 40 షాట్ల పోటీ పెట్టుకుంటున్నారు. టార్గెట్లు కాగితపువే, పతకాలు ఉండవు. నా షాట్లు ఎక్కువగా ఏడు, ఎనిమిది వలయాల్లో పడుతున్నాయి. సొంత రైఫిల్ లేదు. అందరికన్నా వెనకబడి నవ్వులపాలవుతానేమో, నా వల్ల పక్కవారికి ఇబ్బంది కలుగుతుందేమో అని సంకోచంగా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: పేరు ఇచ్చేయండి. మీరు చెప్పిన రెండు భయాల్లో మొదటిది పట్టించుకోదగ్గది కాదు. రెండోదానికి మాత్రం కొంత సిద్ధపడాలి.

ముందుగా స్కోరు సంగతి చూద్దాం. ఈ టార్గెట్ మధ్యలో ఉండే పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు, పెల్లెట్ (రైఫిల్‌లో పెట్టి కాల్చే చిన్న గుండు) వ్యాసం 4.5 మిల్లీమీటర్లు. పెల్లెట్ అంచు చుక్కను తాకినా పది పాయింట్లు ఇస్తారు కాబట్టి, పెల్లెట్ నడిమి భాగం కేంద్రానికి 2.5 మిల్లీమీటర్ల లోపు పడితే చాలు. అదే లెక్కన సెంటీమీటరు లోపు పడితే కనీసం ఏడు వస్తుంది. నాలుగైదు కిలోల రైఫిల్‌ను స్లింగ్ (రైఫిల్‌ను చేతికి ఆనించి బిగించే పట్టీ) సాయం లేకుండా, నిలబడి ఎక్కుపెట్టి, పది మీటర్ల దూరంలో ఆ సెంటీమీటరు పరిధిలో కొడుతున్న మనిషిని చూసి క్లబ్బులో ఎవరూ నవ్వరు. ఇక 40 షాట్లంటే తక్కువ అనుకోకండి. 2017 వరకు అంతర్జాతీయ పోటీల్లో మహిళలకు ఉన్నవి కూడా అన్నే.

రేంజ్ పద్ధతుల విషయంలో మాత్రం, మీరు అందరికన్నా ఎక్కువ స్కోరు చేసినా, అందరికన్నా తక్కువ చేసినా, మినహాయింపు ఉండదు. రైఫిల్ మూతి ఎప్పుడూ టార్గెట్ల వైపే ఉండాలి. కాల్చనప్పుడు బ్యారెల్‌లో సేఫ్టీ ఫ్లాగ్ (లోపల పెల్లెట్ లేదని చూపే రంగు తీగ) ఉండాలి. ‘స్టార్ట్’ అనకముందు ట్రిగ్గర్ ముట్టకూడదు. ‘స్టాప్’ అన్నాక, పెల్లెట్ లోపల ఉన్నా సరే, అధికారి అనుమతి లేకుండా కాల్చకూడదు, చెయ్యెత్తి చెప్పాలి. పోటీకి ముందు కొట్టే ప్రాక్టీస్ షాట్లకు వేరే టార్గెట్ కార్డు ఉంటుంది, దాని పై మూలన నల్లటి ఏటవాలు పట్టీ కనిపిస్తుంది. అది తీసి అసలు కార్డు పెట్టడం మరిచిపోయి చిక్కుల్లో పడేవారు పాతవారిలోనూ ఉంటారు. ఒకవేళ మీ షాట్ పక్కవారి కార్డులో పడితే వెంటనే చెప్పేయండి. దానికి మీకు సున్నా వేస్తారు. రెండింటిలో ఏ రంధ్రం ఎవరిదో తేలకపోతే ఎక్కువ విలువ ఉన్నదాన్నే పక్కవారికి లెక్కిస్తారు కనుక వారికి నష్టం ఉండదు.

సొంత రైఫిల్ లేకపోవడం లోపమేమీ కాదు గానీ, క్లబ్ రైఫిల్‌ను మీకు ముందు ఇంకొకరు వాడతారు, గురి చూసే వెనక సైటును వారి కంటికి తగినట్లు తిప్పుకుంటారు. మీకు నప్పే అమరికను, భుజానికి ఆనే పలక (బట్ ప్లేట్) ఎత్తుతో సహా, ముందే ఒక చీటీ మీద రాసి పెట్టుకోండి. అలాగే ప్రాక్టీస్ షాట్లలో ఒక్కటి ఎడమకు పోయిందని సైటు తిప్పకండి. మూడు నాలుగు షాట్లు ఒకే చోట గుంపుగా పడితేనే తిప్పండి. మీ షాట్లు ఏడెనిమిదిలో చెదురుతున్నాయంటే తప్పు చాలావరకు సైటుది కాదు, నిలకడది.

అసలు చిక్కు మరోచోట ఉంది. పోటీ అనగానే ప్రతి షాటూ పది పాయింట్లే కొట్టాలన్న పట్టుదలతో ఊపిరి బిగబట్టి, చెయ్యి వణికే దాకా ఎక్కుపెట్టి ఉంచుతాం. ఎక్కుపెట్టిన ఏడెనిమిది సెకన్లలో షాట్ రాకపోతే ట్రిగ్గర్ మీది వేలు తీసి, రైఫిల్ దించి, రెండు మూడు సార్లు ఊపిరి పీల్చుకుని మళ్లీ ఎత్తండి. సమయం సరిపోదేమో అనిపిస్తుంది, కానీ ఎలక్ట్రానిక్ టార్గెట్ల మీద 60 షాట్లకు అంతర్జాతీయ నియమం ఇచ్చేదే 75 నిమిషాలు, అంటే షాటుకు నిమిషంపావు. మీ క్లబ్ ఎంత సమయం ఇస్తుందో ముందే కనుక్కోండి. ఆ రోజు నా దృష్టిలో మీ స్కోరు కన్నా, ఎన్నిసార్లు రైఫిల్ దించగలిగారన్నదే ముఖ్యం. పోటీ అయ్యాక కార్డులు అడిగి తెచ్చుకోండి. పెల్లెట్లు సీసంతో చేసినవి కాబట్టి, టీ తాగే ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి.

ప్రశ్న: క్లబ్ పోటీలో ఇద్దరికి సమానంగా పాయింట్లు వస్తే ఎవరు ముందు?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: సాధారణంగా చివరి పది షాట్ల మొత్తం చూస్తారు. అదీ సమానమైతే అంతకు ముందు పదికి వెళతారు. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 600కు 595 సాధించి కూడా ఇలాంటి లెక్కలోనే ఫైనల్ చేరలేకపోయారు. నాలుగేళ్ల తర్వాత లండన్‌లో కాంస్యం గెలిచారు. మీ క్లబ్బులో మరో పద్ధతి ఉండవచ్చు, మొదటి షాట్‌కు ముందే అడగండి.