జాయింట్లకు మిషన్ కొనాలా?

ప్రశ్న: అన్నా, నేను జిప్సం సీలింగ్ పని చేస్తాను. ఇద్దరు హెల్పర్లున్నారు. ఇన్నాళ్లూ బోర్డుల మధ్య జాయింట్లన్నీ లప్పం బ్లేడుతోనే చేశాను. ఇప్పుడు 80 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పున్న ఫంక్షన్ హాలు పని దొరికింది. జాయింట్ల మీద టేపు, దాన్ని అంటించే కాంపౌండు (లప్పం లాంటి ముద్ద) ఒకేసారి వేసే మిషన్ కొనమని తోటి మేస్త్రి అంటున్నాడు. ఏం చెయ్యాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: తమ్ముడూ, ముందు జాయింట్ల పొడవు లెక్కగట్టు. 6×4 బోర్డులైతే, గోడ అంచులు వదిలేసినా నీ హాలులో 1,860 అడుగులొస్తాయి. మన ఇళ్లలో 12×10 గదికి 34 అడుగులే. ఇంత పొడవుకు మిషన్ పనికొస్తుంది, కాదనను. కానీ అది తొందరగా చేసేది టేపు వేసే పని ఒక్కటే. టేపును బ్లేడుతో నొక్కాలి, ఆరనివ్వాలి, ఆ మీద కాంపౌండు ఇంకో రెండు పూతలు వెయ్యాలి. ఆరే టైం మిషన్ తగ్గించదు.

ఇంకో సంగతి. సంచిలో వచ్చే పొడి కాంపౌండు నీళ్లు కలిపాక దానంతటదే గట్టిపడుతుంది. అది మిషన్ లోపల బిగిసిందంటే మిషన్ పోయినట్టే. బకెట్‌లో వచ్చే రెడీమిక్స్‌ను కాస్త పలచన చేసి వాడాలి, రోజూ పని అయ్యాక కడగాలి. జాలీ టేపు అందులో పట్టదు, పేపరు టేపే కావాలి.

అందుకే ఈ హాలు చేత్తోనే చెయ్యి. ఇలాంటి పనులు ఇంకో రెండు ఖాయమైతే అప్పుడు కొను. కొత్త మిషన్‌ను ఇంకొకరి సీలింగ్ మీద నేర్చుకోవడం నాకు నచ్చదు.

చేత్తో చేసేటప్పుడు టేపు కింద కాంపౌండు నిండుగా ఉండాలి. నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర ఒక షాపులో, మే నెల ఎండల్లో, తొందరపడి పలచగా పూసి టేపు అంటించాను. పైగా ఫ్యాన్లు వేశాను. తెల్లారేసరికి బుడగలు. 40 అడుగులు కోసి మళ్లీ వేశాను. తప్పు నాదే. ఓనర్ ముందు నిలబడి ఆ టేపు పీకుతుంటే పడ్డ బాధ ఇప్పటికీ గుర్తుంది.

4 అంగుళాల బ్లేడుతో టేపు నొక్కు. తర్వాతి పూతకు 8, ఆపై పూతకు 12 అంగుళాలది తీసుకో. బోర్డు పొడుగు అంచు పలచగా ఉంటుంది కాబట్టి అక్కడ కాంపౌండు కూర్చుంటుంది. పొట్టి అంచులు కలిసేచోట ఆ పల్లం ఉండదు, టేపు ఉబ్బుగా కనిపిస్తుంది. అక్కడ రెండు వైపులా అడుగు చొప్పున కాంపౌండు పలచగా లాగు. ఫంక్షన్ హాలు కదా, ఫోకస్ లైట్లు వెలిగితే చిన్న ఉబ్బు కూడా నీడ పడుతుంది. రంగు వేసేముందు లైటు ఏటవాలుగా పట్టి చూసుకో.

వంటగది వైపు మూల నుంచి మొదలుపెట్టు. చెయ్యి కుదిరాక, స్టేజీ పైభాగం చివర్లో చెయ్యి.