మనవడి మీద చెయ్యెత్తకూడదా?

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. ఈ వేసవిలో మూడు నెలలు వారి దగ్గర ఉండబోతున్నాను. మూడేళ్ళ మనవడిని కొట్టవద్దని, అన్నం కలిపి నోట్లో పెట్టవద్దని, వారం మధ్యలో చాక్లెట్లు ఇవ్వవద్దని అమ్మాయి ఇప్పటినుంచే ఫోనులో చెబుతోంది. ముగ్గురిని పెంచిన నేను ఇవన్నీ కొత్తగా నేర్చుకోవాలా? ఇలా పెరిగితే వాడికి పెద్దలంటే భయం, నోటికి తెలుగు ఉంటాయా?
– ఒక అమ్మమ్మ, తణుకు

జవాబు: మీ అమ్మాయి చెప్పిన మూడు మాటలూ ఒకే కోవకు చెందినవి కావు. మొదటిది చట్టం, మిగిలిన రెండూ అలవాట్లు.

పిల్లలను ఇంట్లో సైతం కొట్టకూడదని ప్రపంచంలో అందరికంటే ముందు, 1979లోనే, శాసనం చేసిన దేశం స్వీడన్. ఆ సంగతి ప్రతి ఇంటికీ చేరాలని అప్పటి ప్రభుత్వం పాల ప్యాకెట్ల మీద కూడా అచ్చు వేయించింది. మన 2009 నాటి విద్యాహక్కు చట్టం బడిలో బెత్తాన్ని నిషేధించింది గాని, ఇంటి గడప దాటి లోపలికి రాలేదు. అక్కడ పిల్లవాడు 'అమ్మమ్మ కొట్టింది' అని ప్రీస్కూల్లో చెబితే, అనుమానం కలిగిన టీచరు సాంఘిక సేవల కార్యాలయానికి తెలియజేసి తీరాలి. చూసీచూడనట్లు ఊరుకునే వెసులుబాటు ఆమెకు లేదు. ఆ తరువాత సంజాయిషీ చెప్పుకోవలసింది మీ అమ్మాయి, అల్లుడు. కనుక ఈ ఒక్క విషయంలో బేరం లేదు.

అన్నం సంగతి వేరు. అక్కడి ప్రీస్కూళ్ళలో పసివాళ్ళు కూడా తమ పళ్ళెంలో తామే వడ్డించుకుని, సగం ఒలకబోసుకుంటూ తింటారు. వాన పడుతున్నా నీరు పట్టని ప్యాంట్లు తొడుక్కుని బురదలో ఆడతారు. ఆ అలవాటు ఇంట్లో చెడకూడదని మీ అమ్మాయి ఉద్దేశం కావచ్చు. రాత్రిపూట నాలుగు గోరుముద్దలు పెడితే ఏ చట్టమూ అడ్డురాదు, తల్లీకూతుళ్ళు తేల్చుకోండి. మిఠాయి శనివారమే తినడం, పళ్ళు పుచ్చిపోకుండా వైద్యులు ఇచ్చిన సలహా నుంచి వచ్చిన ఆచారం. మనవాళ్ళు ఒంటిపూట ఉండే రోజున వాళ్ళకు పండగన్నమాట!

ఇక భయం గురించి. బిడ్డ పుడితే అక్కడ తల్లిదండ్రులిద్దరికీ కలిపి 480 రోజుల భత్యంతో కూడిన సెలవు, పిల్లవాడికి జ్వరం వస్తే ఉద్యోగం మాని ఇంట్లో ఉండేందుకు ఏటా 120 రోజుల వరకు మరో సెలవు ఉన్నాయి. ఇక్కడ తల్లి ఉద్యోగానికి వెళితే అమ్మమ్మే దిక్కు కాబట్టి, పెంపకంతో పాటు పెత్తనమూ ఆమెకు వచ్చింది. అక్కడ ఆ రెండూ తల్లిదండ్రుల దగ్గరే ఉన్నాయి. మీ మనవడు మిమ్మల్ని చూసి భయపడకపోతే అది పెంపకంలో లోపం కాదు. (2024 జూలై నుంచి ఆ 480 రోజుల సెలవులో కొన్ని రోజులను తాతయ్య, అమ్మమ్మలకూ బదలాయించే వీలు కల్పించారు, అయితే అది అక్కడి సామాజిక బీమాలో ఉన్నవారికే.)

తెలుగు విషయంలో మాత్రం మీ అవసరం చాలా ఉంది. ఇంట్లో రోజూ మాట్లాడే భాషను బడిలోనూ నేర్పమని కోరే హక్కు అక్కడి పిల్లలకు ఉంది. అందుకు ఆ ఊరి మునిసిపాలిటీలో ఆ భాష కోరే కనీసం ఐదుగురు విద్యార్థులూ, తగిన టీచరూ దొరకాలి. ఆ పాఠం అందుకోవాలంటే ముందు పిల్లవాడికి కాస్త తెలుగు వచ్చి ఉండాలి. అందుచేత వాడితో వచ్చీరాని ఇంగ్లీషులో మాట్లాడకండి. వాడు స్వీడిష్‌లో బదులిచ్చినా సరే, మీరు తణుకు తెలుగులోనే కబుర్లు చెప్పండి.