నెమలికంఠం పక్కన కనకాంబరం

ప్రశ్న: ఏడాదిగా ఫొటోలు తీస్తున్నాను. రంగులు, డిజైన్లు కంటికి పట్టుబడాలంటే పాత బట్టలు, పాత సామాన్లు అమ్మే చోట తిరగమని స్నేహితురాలు చెప్పింది. ఎర్రగడ్డ ఆదివారం సంతకు రెండు వారాలు వెళ్లి మూడు వందల ఫొటోలు తీశాను. ఒక్కటీ నచ్చలేదు, అంతా గజిబిజి. పైగా ఎర్ర చీరలన్నీ ముద్దలా పడ్డాయి. ఇంకా వెళ్లమంటారా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: తప్పకుండా వెళ్లండి. మూడో వారం మాత్రం మొదటి గంట కెమెరా బ్యాగులోంచి తీయకండి, చేతిలో ఒక చిన్న నోటుబుక్కు చాలు.

చీరల షోరూంలో ఎరుపంతా ఒక అరలో, పచ్చంతా ఒక అరలో సర్ది ఉంటుంది, అక్కడ ఏ రంగు పక్కన ఏది పెట్టాలో ముందే ఎవరో తేల్చేశారు. పాత బట్టల గుట్టలో అలా కాదు, ఎవరి ఇంట్లోంచో వచ్చిన వంకాయ రంగు జాకెట్టు మీద ఇంకెవరిదో మెంతిరంగు లంగా వచ్చి పడుతుంది, దాని మీద స్కూల్ యూనిఫాం నీలం. ఎవరూ అనుకొని పెట్టని జోడీలివి. మీరు వెతకాల్సింది వీటినే. కనిపించగానే రాసుకోండి, అదీ మన పేర్లతోనే: నెమలికంఠం పక్కన కనకాంబరం, చిలకపచ్చ మీద నేరేడు. ‘ఆకుపచ్చ, ఎరుపు’ అని రాసుకుంటే ఇంటికొచ్చాక ఏ పచ్చో గుర్తుండదు. మన అమ్మమ్మలు చీర కొంటూ అంచు రంగు గురించి అరగంట బేరమాడేవారు చూడండి, ఆ చూపే మనకు కావాలి.

పక్క రంగుకు ఎందుకింత ప్రాముఖ్యం అంటారా? 1824లో పారిస్‌లోని గోబెలిన్స్ నేత కర్మాగారంలో అద్దకాల విభాగానికి షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త అధిపతిగా వచ్చాడు. అక్కడి నల్లరంగు వెలవెలబోతోందని ఫిర్యాదు. ఆయన పరీక్షిస్తే అద్దకంలో లోపమేమీ లేదు, ఆ నల్లదారం పక్కన నేసిన రంగుల వల్లే నలుపు పలచగా కనిపిస్తోంది. ఆ పరిశీలనలన్నీ 1839లో పుస్తకంగా వేశాడు. మీరు ఈ సంగతి సంతలోనే చూడొచ్చు. ఒక ఆవపిండి రంగు గుడ్డముక్క తీసుకుని ముందు నీలం చీర మీద, తర్వాత నారింజ రంగు దాని మీద పెట్టండి. ఒకచోట వెలుగుతుంది, ఇంకోచోట మాసిపోయినట్టు ఉంటుంది. ముక్క మాత్రం ఒక్కటే.

ఇక గజిబిజి. మీరు గుట్టనంతా ఒకే ఫొటోలో పట్టాలని చూసి ఉంటారు. దగ్గరికి వెళ్లి రెండు బట్టలు కలిసే చోటు మాత్రమే ఫ్రేములో ఉంచండి. పెద్ద పువ్వులున్న దాని పక్కన సన్న గళ్లో, చిన్న చుక్కలో ఉంటే రెండూ విడిగా తెలుస్తాయి, రెండూ ఒకే సైజు పువ్వులైతే కన్ను ఎక్కడా ఆగదు. ఖాళీగా, ఏ డిజైనూ లేని గుడ్డ కొంచెమైనా కనిపించనివ్వండి, డిజైన్‌కు ఊపిరాడుతుంది. సన్న గళ్ల లుంగీ మీద లేని అలలు ఫొటోలో కనిపిస్తే ఒక అడుగు ముందుకో వెనక్కో జరిగి మళ్లీ తీయండి.

ఎర్ర చీరల సంగతి నాకూ చాలాకాలం అంతుపట్టలేదు. ముదురు ఎరుపును తీసేటప్పుడు సెన్సర్‌లో, అంటే కెమెరాలో వెలుగును పట్టే పలకలో, ఎరుపు భాగం ముందే నిండిపోతుంది, ఫొటో మొత్తంగా వెలుగు సరిపోయినట్టే ఉన్నా చీరలోని నేత, మడతలు మాత్రం పోతాయి. ఎక్స్‌పోజర్ (ఫొటోకు అందే వెలుగు) ఒక మెట్టు వరకు తగ్గించి తీయండి, ఫోన్‌లో అయితే చీర మీద వేలితో నొక్కి వెలుతురు కిందికి లాగండి. ఇంకొకటి, పైన కట్టిన నీలం టార్పాలిన్ చూశారా? దాని కింద వస్తువులన్నిటి మీదా నీలం పడుతుంది, ఎరుపు ఊదా వైపు పోతుంది. బట్టను కొంచెం బయటికి, ఎండ నేరుగా పడని నీడలోకి జరపనిస్తారేమో అడగండి.

నేను అన్నిటికన్నా ఎక్కువ నేర్చుకున్నది ఒక పాత గళ్ల తువ్వాలు ఇంటికి తెచ్చుకున్నాక. వంటింటి కిటికీ దగ్గర బల్ల మీద పరిచి, నెల రోజులు రోజుకో వస్తువు దాని మీద పెట్టి తీశాను: వంకాయలు, అంచు పెచ్చులూడిన ఎనామిల్ పళ్లెం, నిమ్మకాయలు, ఇత్తడి చెంబు. బట్ట మారలేదు, వెలుతురు దాదాపు అదే, మారింది పక్క రంగు ఒక్కటే. మీరూ ఒక్క గుడ్డే కొనండి, పదికి ఆశపడొద్దు.

అడగకుండా మాత్రం ఎవరి కొట్టునూ ఫొటో తీయకండి. వాళ్లకది బతుకుతెరువు, ఉదయం బేరాలు జోరుగా ఉన్నప్పుడు మనం అడ్డం నిలబడితే కోపం రావడం న్యాయమే. ఏదైనా కొని, ‘అక్కా, ఈ బట్టల వరకే తీసుకుంటాను, మీ ముఖం పడదు’ అని చెప్పి చూడండి. పై వారం వెళ్లేటప్పుడు బాగా వచ్చిన ఫొటో ఒకటి ప్రింటు తీయించి ఆమెకు ఇచ్చి రండి.