లాంచీ యజమాని లక్షన్నర ఇస్తానంటున్నారు, సంతకం పెట్టాలా?

ప్రశ్న: మా ఆయనకు 35 ఏళ్లు. పాపికొండల లాంచీలో కళాసీ. 2025 ఏప్రిల్‌లో రేవులో లాంచీ కడుతుంటే చెయ్యి మోకులో ఇరుక్కుని కుడి బొటనవేలు పూర్తిగా పోయింది. నెలకు 16,000 చేతికిచ్చేవారు. ఈఎస్ఐ లేదు. ఆసుపత్రికి 60,000 పెట్టానని, అది కాక లక్షన్నర ఇస్తానని, స్టాంపు పేపరు మీద సంతకం చేయమని యజమాని అడుగుతున్నారు. మాకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన 80,000 అప్పుంది. వచ్చే డబ్బు ఎందులో పెట్టమంటారు?

జవాబు: అమ్మా, ఎందులో పెట్టాలో తర్వాత చూద్దాం. ముందు ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. నా లెక్కలో మీకు రావలసింది 5 లక్షల పైమాటే.

ఇప్పుడు దీనికి కొత్త చట్టం, అంటే సామాజిక భద్రతా కోడ్ అమల్లో ఉన్నా, మీ ప్రమాదం అది రాకముందు జరిగింది కాబట్టి 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టమే వర్తిస్తుంది. దాని ప్రకారం జీతం ఎంతున్నా లెక్కకు గరిష్ఠంగా 15,000 తీసుకుంటారు. అందులో 60 శాతం, అంటే 9,000. దాన్ని 35 ఏళ్ల వయసుకు చట్టం పెట్టిన 197.06తో గుణిస్తే 17,73,540. బొటనవేలు పోతే సంపాదించే శక్తిలో నష్టం 30 శాతమని చట్టంలోని పట్టికలోనే (షెడ్యూల్) రాసి ఉంది. కాబట్టి 5,32,062 రూపాయలు. ఆయన మళ్లీ అదే లాంచీ ఎక్కినా ఇది తగ్గదు.

ఆసుపత్రి ఖర్చు ఇందులోంచి కోయడానికి లేదు. వైద్యానికి యజమాని పెట్టింది పరిహారం కింద జమ కాదని చట్టం స్పష్టంగా చెబుతోంది. గోదావరిలో లాంచీ మునిగిన కచ్చులూరు ప్రమాదం అప్పుడు ప్రభుత్వం ఎక్స్‌గ్రేషియా ఇచ్చినట్టు ఇది కూడా ఎవరో దయతో ఇచ్చేదని చాలామంది అనుకుంటారు. కాదు, ఇది యజమాని బాధ్యత. తాగి ఉండటం, భద్రతా నిబంధనను కావాలని మీరడం లాంటివి ఉంటే తప్ప, 'మీవాడి అజాగ్రత్తే' అని తప్పించుకోలేరు.

హక్కు వదులుకుంటున్నానని రాసిచ్చిన కాగితం చెల్లదు. అయినా అది చెల్లదని నిరూపించడానికి మళ్లీ మీరే తిరగాలి, ఆ టెన్షన్ ఎందుకు? రాజీ కుదిరితే కార్మిక శాఖలోని పరిహార కమిషనర్ దగ్గర రిజిస్టర్ చేయించండి. కుదరకపోతే అక్కడే దరఖాస్తు పెట్టండి. గడువు ప్రమాదం నుంచి రెండేళ్లు. చెల్లించకుండా నెల దాటిస్తే ఏడాదికి 12 శాతం వడ్డీ, ఆపైన 50 శాతం వరకు జరిమానా పడొచ్చని యజమానికి తెలిస్తే బేరం మారుతుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో లాయర్‌ను ఉచితంగా ఇస్తారు. జీతం చేతికిచ్చారు కాబట్టి రుజువే మీకు కష్టం. ఎప్పుడైనా ఫోన్‌పేలో డబ్బు వేసి ఉంటే ఆ మెసేజీలు, లాంచీ నడిపే సరంగు, తోటి కళాసీల సాక్ష్యం, ఆసుపత్రి చీటీలు, లాంచీ రిజిస్ట్రేషన్ నంబరు ఇప్పుడే పోగేయండి.

డబ్బు వచ్చాక మొదట ఆ 80,000 తీర్చేయండి. దానికి నెలకు 2,400 వడ్డీ కడుతున్నారు. అదే 80,000 పోస్టాఫీసు మంత్లీ ఇన్‌కమ్ స్కీమ్‌లో పెడితే, 7.4 శాతం చొప్పున నెలకు 500 కూడా రాదు. మిగిలినదాంట్లో 3 లక్షలు ఆ స్కీమ్‌లో వేస్తే నెలకు 1,850 వస్తుంది. లక్షన్నర దాకా బ్యాంకులో చేతికందేలా ఉంచండి, వరదల నెలల్లో లాంచీలు ఆగిపోతాయి కదా. చిట్టీల జోలికి మాత్రం ఈ డబ్బుతో వెళ్లొద్దు.