చెయ్యి లేవకముందే

చిన్నోడా,

రొయ్యల చెరువు దగ్గర మేత చల్లే కుర్రాణ్ణి చెంప పగలగొట్టావని మీ అమ్మ ఫోన్లో ఏడ్చింది. "మన వంశంలోనే ఉంది కోపం" అన్నావట. పుట్టుకతో కొంత వస్తుంది, కాదనను. కానీ పుట్టుకొక్కటే చెయ్యి లేపదు నాన్నా.

నీ వయసులో నేనూ పార ఎత్తినవాణ్ణే. దాళ్వాకి, అంటే రెండో పంటకి, వంతు నీళ్ళు. అర్ధరాత్రి చూస్తే బోదెకి అడ్డంగా మట్టి. పక్క చేను ఆయన లాంతరు పట్టుకుని వస్తున్నాడు. కావాలనే వేశాడనుకున్నాను. పార ఆయన పాదానికి జానెడు దూరంలో దిగింది. తెల్లారి చూస్తే గట్టు దానంతటదే విరిగి పడింది!

తర్వాత ఒక డాక్టరుగారు విడమర్చి చెప్పారు. మెదడు లోపల బాదంగింజ ఆకారంలో అమిగ్డలా అని ఉంటుందట. ప్రమాదం అనిపిస్తే చాలు, మనం ఆలోచించేలోపే ఒంటిని లేపుతుంది. అడ్రినలిన్ పొంగుతుంది, గుండె దడదడలాడుతుంది. "ఆగు" అనాల్సింది నుదుటి వెనకున్న భాగం. అది పూర్తిగా ముదరడానికి దాదాపు పాతికేళ్ళు పడుతుంది. నీకింకా ఇరవై రెండే. పైగా చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్ల కాపలాతో రాత్రుళ్ళు నిద్ర లేదు, దానిమీద మందు. ఇవి రెండూ ఆ "ఆగు"నే ముందు పడగొడతాయి.

ఇంకోటుంది. చిన్నప్పుడు దెబ్బలు తిన్నవాళ్ళకి ఎదుటివాడి మామూలు చూపు కూడా ఎగతాళిలా కనబడొచ్చు. మీ నాన్న బెల్టు సంగతి నాకు తెలుసు. ఆ రోజుల్లో నేను అడ్డుపడాల్సింది, పడలేదు. అది నన్ను ఇప్పటికీ తొలుస్తుంది. అయినా ఇవన్నీ కారణాలే, సాకులు కావు.

కాపలాకి ఇంకొకరిని పెట్టుకుని వంతులేసుకో. మందు మానెయ్. నాకైతే ముందు చెవులు వేడెక్కేవి, తర్వాత పళ్ళు బిగుసుకునేవి. నీకేం జరుగుతుందో గమనించుకో. అది మొదలవ్వగానే మాట ఆపేసి గట్టు వెంబడి నడువు, ఊపిరి నిదానంగా వదులు. గ్లాసులు పగలగొట్టి కసి తీర్చుకుంటే కోపం తగ్గదు, చెయ్యి అలవాటు పడుతుంది. అప్పటికీ అదుపులోకి రాకపోతే మనసు బాగోలేనప్పుడు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్‌కి, 14416కి, ఫోన్ చెయ్యి. డబ్బులక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్దామంటే నేనే వెంట వస్తాను.

ఇవాళే ఆ కుర్రాడింటికి వెళ్ళు. దెబ్బ చెవికి తగిలిందట. అమలాపురం తీసుకెళ్ళి డాక్టరుకి చూపించు, ఖర్చు నువ్వే పెట్టు. తప్పయిందని వాళ్ళమ్మ ముందే చెప్పు.

మీ పెదనాన్న