బడిలో బిడ్డ చెయ్యి విరిగితే ఆసుపత్రి బిల్లు ఎవరిది?

ప్రశ్న: మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకా. చిన్న మొబైల్ రిపేరు షాపు నడుపుతాను. మా బాబు ప్రైవేటు ఇంగ్లీషు మీడియం స్కూల్లో ఆరో తరగతి. పోయిన నెల గేమ్స్ పీరియడ్‌లో, పాతకుండా ఊరికే నిలబెట్టిన గోల్ పోస్టు మీద పడి మోచేతి దగ్గర ఎముక విరిగింది. దగ్గరని మంచిర్యాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఆపరేషన్ చేసి తీగలు వేశారు. మొత్తం 88 వేలు అయింది. చేతిలో 28 వేలుంటే మిగతా 60 వేలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాను. స్కూలు వాళ్లు 10 వేలు ఇస్తాం, ఒక కాగితం మీద సంతకం పెట్టండి అంటున్నారు. మా ఆవిడ కేసు వేద్దామంటోంది. బావమరిదేమో పిల్లాడు అక్కడే చదవాలి కదా, గొడవెందుకు అంటున్నాడు. అసలు ఈ ఖర్చు ఎవరు భరించాలి సార్? మూడో తరగతి చదివే పాప కూడా ఉంది. ఇద్దరికీ ఇన్సూరెన్స్ తీసుకోవాలా? ఒక ఏజెంటు చైల్డ్ ప్లాన్ తీసుకోమంటున్నాడు.

జవాబు: ముందు ఆ కాగితం సంగతి. ఇప్పుడున్నది ఉన్నట్టుగా దాని మీద సంతకం పెట్టకండి. ఇలాంటి కాగితాల్లో సాధారణంగా 'ఇకపై స్కూలు మీద ఎలాంటి క్లెయిమూ చెయ్యను' అనే వాక్యం ఒకటి ఉంటుంది. ఆ వాక్యానికి 10 వేలు చాలా తక్కువ ధర. స్కూలు వాళ్లు నిజంగా సాయం చేద్దామనుకుంటే, 'బాబు వైద్య ఖర్చుల కింద 10 వేలు ముట్టాయి' అని మీరే రసీదు రాసివ్వండి. అంతకు మించి ఒక్క మాట ఎక్కువ ఉండకూడదు. దానికి వాళ్లు ఒప్పుకోకపోతే, వాళ్లకు కావలసింది ఆ వాక్యమేనని అర్థం.

మీ ఇంట్లో మాటలు వింటే రెండు ప్రశ్నలు కలిసిపోయినట్టు కనిపిస్తోంది. తప్పు ఎవరిది అనేది ఒకటి. డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది అనేది ఇంకొకటి. తప్పు తేలాలంటే సాక్ష్యం, వకీలు, ఓపిక అన్నీ కావాలి. డబ్బుకు మాత్రం తప్పు తేలేదాకా ఆగాల్సిన పని లేదు. మీరు తట్టగలిగిన తలుపుల్లో చాలావరకు 'ఎవరి నిర్లక్ష్యం?' అని అడగవు. వాటిని ముందు తట్టండి. కేసు సంగతి మీ ఆవిడా బావమరిదీ తర్వాత తేల్చుకోవచ్చు.

మొదటి తలుపు మహారాష్ట్ర ప్రభుత్వానిది. రాజీవ్ గాంధీ విద్యార్థి అపఘాత సానుగ్రహ అనుదాన్ యోజన అని ఒకటి ఉంది. సరిహద్దు తాలూకాల్లో తెలుగు కుటుంబాలకు దీని పేరే సరిగా చేరదు. 1 నుంచి 12వ తరగతి దాకా చదివే విద్యార్థుల కోసం పెట్టింది. 2022 జూన్‌లో మొత్తాలు పెంచారు. ప్రమాదంలో విద్యార్థి చనిపోతే లక్షన్నర, రెండు అవయవాలు పోయి శాశ్వత వైకల్యం వస్తే లక్ష, ఒక అవయవం పోతే 75 వేలు ఇస్తారు. మీకు పనికొచ్చేది దాని తర్వాతి అంశం. ప్రమాదం వల్ల ఆపరేషన్ చేయాల్సి వస్తే ఆసుపత్రికి నిజంగా అయిన ఖర్చు, గరిష్ఠంగా లక్ష రూపాయల దాకా ఇస్తారు. మీ బిల్లు 88 వేలు, అంటే ఆ హద్దులోనే ఉంది.

దరఖాస్తు స్కూలు హెడ్‌మాస్టర్ ద్వారా జిల్లా విద్యాధికారికి వెళ్లాలి. ఇక్కడే చాలామంది తల్లిదండ్రులు వెనక్కి తగ్గుతారు. స్కూలుతో మాటలు లేవు, ఇక వాళ్లెందుకు పంపుతారు అని. హెడ్‌మాస్టర్ దగ్గరికి వెళ్లి ఒక్కటే చెప్పండి: ఈ డబ్బు స్కూలు ఇచ్చేది కాదు, ప్రభుత్వం ఇచ్చేది. దరఖాస్తు పంపితే స్కూలు తప్పు ఒప్పుకున్నట్టు కాదు. ఈ మాట అర్థమయ్యాక కాగితం కదిలిన స్కూళ్లు ఉన్నాయి. అప్పటికీ కదలకపోతే దరఖాస్తు కాపీ ఒకటి మీరే నేరుగా విద్యాధికారి కార్యాలయంలో ఇచ్చి, ముట్టినట్టు ముద్ర వేయించుకోండి.

కాగితాల్లో ముందు చూడాల్సింది డిశ్చార్జి సమ్మరీ. ఆసుపత్రి వాళ్లు హడావిడిలో 'కింద పడ్డాడు' అని మాత్రమే రాసి వదిలేస్తుంటారు. ఒక్కోసారి 'ఇంటి దగ్గర పడ్డాడు' అని కూడా రాసేస్తారు. ఎక్కడ, ఎప్పుడు, ఎలా దెబ్బ తగిలిందో అందులో సరిగ్గా ఉందా చూసుకోండి. లేకపోతే డాక్టరును అడిగి సరిదిద్దించుకుని సంతకం తీసుకోండి. నెల దాటితే ఈ సవరణ కష్టమవుతుంది, ఈ వారమే వెళ్లండి. బిల్లులు, మందుల చీటీలు, ఎక్స్‌రేలు, స్కూలు నుంచి ప్రమాదం గురించి ఒక లేఖ, బాబు బోనఫైడ్ సర్టిఫికెట్, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ అన్నీ ఒక ఫైల్లో పెట్టండి. ప్రతి కాగితానికీ రెండేసి కాపీలు తీయించండి. ఎందుకో కింద చెబుతాను.

రెండో తలుపు స్కూల్లోనే ఉండొచ్చు. ప్రైవేటు స్కూళ్లు చాలావరకు పిల్లలందరి పేరుతో గ్రూపు పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ తీసుకుంటాయి. ఏడాది ఫీజు రసీదు తీసి చూడండి. 'ఇన్సూరెన్స్' అనో 'మిసలేనియస్' అనో ఒక గడి ఉంటుంది. వంద, రెండొందలే కాబట్టి ఎవరూ పట్టించుకోరు. అది మీరు కట్టిన ప్రీమియమే. పాలసీ కాపీ అడగడం మీ హక్కు. అందులో మరణానికీ వైకల్యానికీ మాత్రమే కవర్ ఉందా, వైద్య ఖర్చుల అంశం కూడా ఉందా అన్నది చూడాలి. ఉంటే ఆ మొత్తం చిన్నదే అయ్యుంటుంది, అయినా వదలొద్దు. ప్రమాదం జరిగిన ఇన్ని రోజుల్లోగా తెలియజేయాలి అనే షరతు ఉంటుంది. ఈపాటికి అది దాటినా, ఆలస్యానికి కారణం రాసి క్లెయిమ్ వేయండి. కేవలం ఆలస్యమైందని నిజమైన క్లెయిమును తోసేయకూడదని బీమా నియంత్రణ సంస్థ కంపెనీలకు చెప్పే ఉంది.

ఒక జాగ్రత్త. ఒకే రూపాయిని ఇద్దరి దగ్గర తీసుకోకూడదు. బీమా కంపెనీ 20 వేలు ఇస్తే, సానుగ్రహ దరఖాస్తులో ఆ సంగతి చెప్పి మిగతా 68 వేలే అడగాలి. ఒరిజినల్ బిల్లులు ఒకరి దగ్గరికి వెళ్తే రెండో వారికి ధ్రువీకరించిన కాపీలు, మొదటివారు ఎంత ఇచ్చారో చెప్పే లేఖ జత చేయాలి. కాపీలు తీయమన్నది అందుకే.

మూడోది మీరు తట్టకుండానే దాటి వచ్చేసిన తలుపు. మహారాష్ట్రలో మహాత్మా జ్యోతిరావు ఫులే జన ఆరోగ్య యోజన కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా నగదు లేకుండా చికిత్స చేస్తారు. 2024 జూలై నుంచి అది పసుపు, నారింజ, తెల్ల రేషన్ కార్డులన్నిటికీ వర్తిస్తోంది. ఎముకల ఆపరేషన్లు ఇందులో ఉన్నాయి. కానీ పథకం జాబితాలో ఉన్న ఆసుపత్రిలో చేరినప్పుడే అక్కడ పథకం పనులు చూసే ఉద్యోగి, ఆరోగ్యమిత్ర, ద్వారా పని జరుగుతుంది. ముందు డబ్బు కట్టేసి తర్వాత బిల్లు చూపిస్తే తిరిగిచ్చే పథకం కాదు.

సిరోంచ వాళ్ల కష్టం నాకు తెలియనిది కాదు. సొంత జిల్లా కేంద్రం గడ్చిరోలి రెండొందల కిలోమీటర్లకు పైమాటే. ప్రాణహిత వంతెన దాటితే చెన్నూరు, ఆ తర్వాత మంచిర్యాల. చెయ్యి విరిగిన పిల్లాణ్ని ఒళ్లో పెట్టుకుని ఏ తండ్రయినా దగ్గరి దారే పడతాడు. కానీ వంతెన దాటగానే మీ రాష్ట్ర పథకం ఇవతలే ఉండిపోతుంది. తెలంగాణ ఆరోగ్యశ్రీ అక్కడి వాళ్లకే. రెండు వైపులా పనిచేసేది కేంద్రం ఇచ్చే ఆయుష్మాన్ కార్డు ఒక్కటే. దాంతో దేశంలో ఎక్కడైనా, జాబితాలో ఉన్న ఆసుపత్రిలో చికిత్స తీసుకోవచ్చు. మీ కుటుంబం పేరు అందులో ఉందో లేదో 14555కి ఫోన్ చేసి తెలుసుకోండి. ఉంటే నలుగురికీ కార్డులు ఇప్పుడే చేయించి, మంచిర్యాల, కరీంనగర్, వరంగల్‌లో ఏ ఆసుపత్రులు జాబితాలో ఉన్నాయో ఒక కాగితం మీద రాసి ఇంట్లో పెట్టుకోండి. దెబ్బ తగిలిన రోజు ఎవరికీ వెతికే తీరిక ఉండదు. ఒడిశా వైపు రాయగడ, పర్లాకిమిడి నుంచి పార్వతీపురానికో శ్రీకాకుళానికో పరుగెత్తే మన వాళ్లకూ ఇదే మాట. ఒడిశాలో 2025 ఏప్రిల్ నుంచి రాష్ట్ర పథకాన్ని ఆయుష్మాన్‌తో కలిపేశారు.

తీగలు తీయించడం ఎలాగూ మిగిలే ఉంది. అది అత్యవసరం కాదు కాబట్టి ఈసారి తొందరపడక్కర్లేదు. ఓపీలోనే తీసేస్తారా, మళ్లీ ఆపరేషన్ థియేటర్‌కు తీసుకెళ్లాలా అని డాక్టరును అడగండి. థియేటర్ అంటే, చంద్రపూర్ వైపు ఫులే పథకంలో ఉన్న ఆసుపత్రిలో అవుతుందా అని ఆ పథకం హెల్ప్‌లైన్ 155388లో కనుక్కోండి. మహారాష్ట్ర ఆరోగ్య శాఖ ఆసుపత్రుల్లో 2023 ఆగస్టు 15 నుంచి చికిత్స ఉచితం. పిండికట్టు మార్పించడం, ఎక్స్‌రే లాంటివాటికి మళ్లీ మంచిర్యాల దాకా వెళ్లి జేబు ఖాళీ చేసుకోవద్దు.

ఈ తలుపులు తెరుచుకునేలోగా మిమ్మల్ని తినేసేది ఆ 60 వేల అప్పు. నూటికి మూడు రూపాయలంటే నెలకు 1,800, ఏడాదికి 36 శాతం. సానుగ్రహం డబ్బు రావడానికి నెలలు పట్టొచ్చు. అందాకా వడ్డీ కడుతూ కూర్చుంటే వచ్చే దాంట్లో మంచి భాగం షావుకారుకే పోతుంది. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టండి. రూపాయి వడ్డీ లోపే దొరుకుతుంది, అంటే నెలకు 600 కన్నా తక్కువ. ఆ డబ్బుతో చేబదులు మొత్తం తీర్చేసి, నోటు రాసి ఉంటే వెనక్కి తీసుకోండి. మీ ఆవిడ నగలు కుదవపెట్టడానికి ఇష్టపడకపోవచ్చు. ఆ 1,200 తేడా లెక్క ఆమె ముందు పెట్టండి.

ఇక తప్పు ఎవరిది అన్న ప్రశ్న. బడిలో దెబ్బ తగిలినంత మాత్రాన బడి బాధ్యత అయిపోదు. జాగ్రత్తలన్నీ తీసుకున్న గ్రౌండ్‌లో కబడ్డీ ఆడుతూ పడి కాలు బెణికితే అది ఆట. పాతకుండా, బరువు పెట్టకుండా నిలబెట్టిన గోల్ పోస్టు పిల్లాడి మీద పడితే అది ఆట కాదు. బడి వేళల్లో పిల్లల భద్రత బడిదేనని సుప్రీంకోర్టు 2001లోనే తేల్చింది. 1995లో పఠాన్‌కోట్ బడి పిల్లలు విహారయాత్రకు వెళ్లి బియాస్ నదిలో 14 మంది మునిగిపోయిన కేసది. ఒక్కో కుటుంబానికి 5 లక్షల పరిహారాన్ని కోర్టు ఖాయం చేసింది. టీచర్ల నిర్లక్ష్యానికి యాజమాన్యం జవాబు చెప్పాలంది. భద్రత విషయంలో యాజమాన్యం బాధ్యత ఏమిటో చెబుతూ 2021లో కేంద్ర విద్యా శాఖ మార్గదర్శకాలు కూడా ఇచ్చింది.

అంటే మీ ఆవిడ కోపంలో న్యాయం ఉంది. అయితే కన్జ్యూమర్ కోర్టు మాత్రం మీకు సరైన చోటు కాదు. విద్యా సంస్థల పనులు, ఆటలు, పిక్నిక్‌లతో సహా, వినియోగదారుల చట్టం కిందికి రావని 2020లో జాతీయ వినియోగదారుల కమిషన్ చెప్పింది. వెళ్తే సివిల్ కోర్టుకే వెళ్లాలి. ఆ దారి పొడుగు. దానికి ముందు ఒక మెట్టు ఉంది, న్యాయ సేవల కమిటీ. పిల్లలకు తల్లిదండ్రుల ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి చట్టమే చెబుతోంది. అక్కడ దరఖాస్తు పెడితే స్కూలును పిలిపించి కేసు లేకుండానే రాజీ కుదిర్చే వీలుంది. మీ బావమరిది కోరే మర్యాదా, మీ ఆవిడ కోరే న్యాయమూ కొంతైనా కలిసే చోటు అదే. మీరు ముగ్గురూ ఏమి నిర్ణయించినా, ఆ గోల్ పోస్టును స్కూలు వాళ్లు పాతేసేలోగా ఫోటోలు మాత్రం తీసి పెట్టుకోండి. జరిగింది రాసి హెడ్‌మాస్టర్‌కు ఇచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకోండి.

స్కూలు బస్సులోనో ఆటోలోనో దెబ్బ తగిలితే లెక్క వేరు. అప్పుడు బండి థర్డ్ పార్టీ బీమా మీద మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు వెళ్లాలి, చట్టంలో గడువు ఆరు నెలలు.

చివరగా ఇన్సూరెన్స్. ఆ ఏజెంటు చెప్పే చైల్డ్ ప్లాన్ వద్దు. అది పదిహేనేళ్ల తర్వాత డబ్బిచ్చే పొదుపు. రేపు పాప చెయ్యి విరిగితే అందులోంచి పిండికట్టు డబ్బులు కూడా రావు. రేషన్ కార్డు మీదే 5 లక్షల కవర్ ఉండగా, అప్పు నెత్తిన ఉన్న ఈ ఏడాది పెద్ద ఫ్యామిలీ పాలసీకి పరుగెత్తక్కర్లేదు. అప్పు తీరాక, వంతెన అవతలి ఆసుపత్రులు నగదు లేకుండా ఒప్పుకునే 5 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్, అంటే ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే ఆరోగ్య పాలసీ, ఒకటి తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఇలాంటి పాలసీల మీద జీఎస్టీ లేదు. పాత జబ్బులకు నిరీక్షణ కాలం ఉంటుంది కానీ ప్రమాదాలకు మొదటి రోజు నుంచే కవర్ ఉంటుంది. ఆసుపత్రిలో చేరకుండా ఓపీలో వేసిన పిండికట్టుకు మామూలు పాలసీ డబ్బివ్వదు. దాని కోసం పోస్టాఫీసులోనో బ్యాంకులోనో 20 వేలు విడిగా కూడబెట్టుకోండి.

పిల్లల కన్నా ముందు కవర్ కావలసింది మీకు. షాపు మీ చేతుల మీద నడుస్తోంది. ప్రధాన మంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలే. ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు. 18 నుంచి 70 ఏళ్ల వాళ్లకే కాబట్టి పిల్లలకు పనికిరాదు, ఆసుపత్రి ఖర్చులూ ఇవ్వదు, కానీ మీకూ మీ ఆవిడకూ ఉండాలి. జూన్ 1 నుంచి కొత్త ఏడాది మొదలవుతుంది. మే నెలాఖరులో బ్యాంకు తానే డబ్బు కోసుకుంటుంది, అప్పటికి ఇద్దరి ఖాతాల్లోనూ ఆ 20 రూపాయలు ఉండేలా చూసుకోండి.