లచ్చమ్మ, లక్ష్మి, సిరి: ఒక పేరు, దాని రూపాలు

ప్రశ్న: మాకు ఆడపిల్ల పుట్టింది. కాలం చేసిన మా నాయనమ్మ లచ్చమ్మ పేరు పాపకు పెట్టుకోవాలని నా కోరిక. ‘అది మోటు పేరు, లక్ష్మికి చెడిపోయిన రూపం, పెడితే లక్ష్మి అనే పెట్టు’ అంటున్నారు ఇంట్లోవాళ్లు. లచ్చి నిజంగా తప్పా? అసలు ఈ పేరుకు అర్థమేమిటి? చివర ‘లక్ష్మి’ అని హ్రస్వం రాయాలా, ‘లక్ష్మీ’ అని దీర్ఘం రాయాలా? – ఒక పాఠకురాలు

జవాబు: లచ్చమ్మ తప్పు పేరు కాదమ్మా, చెడిపోయిన పేరూ కాదు. భిక్షం బిచ్చమైన దారినే, కక్ష కచ్చ అయిన దారినే లక్ష్మి లచ్చి అయింది. వ్యాకరణం దీనిని తద్భవం అంటుంది. మన కవులు పద్యాల్లో లచ్చి అనే మాటను ఏ సంకోచమూ లేకుండా వాడుకున్నారు. ‘సిరికిం జెప్పడు’ అని పోతన గజేంద్రమోక్షంలో అన్నప్పుడు ఆ సిరి కూడా ‘శ్రీ’కి తద్భవమే. ఆ పద్యాన్ని నోరారా చదువుకునే మనం ఇంట్లోని లచ్చమ్మను మోటు అనడం న్యాయం కాదు.

ఇక అర్థం సంగతి. సంస్కృతంలో ‘లక్ష్’ ధాతువుకు చూడడం, గుర్తుపట్టడం అని అర్థం. లక్షణం, లక్ష్యం దాని నుంచి వచ్చినవే. లక్ష్మి కూడా ఆ కుటుంబంలోదే. అందువల్ల తొలినాళ్లలో ఈ మాటకు అర్థం సంపద కాదు, గుర్తు, ఆనవాలు. ఋగ్వేదంలో ఇది ఒకే ఒక్కచోట, పదో మండలంలోని 71వ సూక్తంలో వస్తుంది. పేలపిండిని జల్లెడ పట్టినట్టు ధీరులు మాటను మనసుతో జల్లించి పలికిన చోట స్నేహితులు స్నేహాన్ని గుర్తుపడతారనీ, ‘భద్రైషాం లక్ష్మీర్నిహితాధి వాచి’, అంటే వారి వాక్కు మీద మంగళకరమైన గుర్తు ఉంటుందనీ ఆ మంత్రం చెబుతుంది. ఈ పేరు గురించి నాకు తెలిసిన వాటన్నిటిలో నాకు అత్యంత ఇష్టమైనది ఇదే: లక్ష్మి మొదట కనిపించింది ధనం మీద కాదు, మంచి మాట మీద.

గుర్తు అన్నాక మంచిదీ ఉంటుంది, చెడ్డదీ ఉంటుంది. అథర్వవేదం ఏడో కాండలో ఒక చిన్న సూక్తం, మనిషి పుట్టేటప్పుడు శరీరంతోపాటు నూటొక్క లక్ష్ములు పుడతారని చెప్పి, పాపపు లక్ష్మిని ఇక్కణ్నుంచి ఎగిరిపొమ్మని, పుణ్యలక్ష్ములను మాత్రం నిలిచి ఉండమని కోరుతుంది. కాలక్రమేణా చెడ్డ సగం అలక్ష్మి అని విడిపోగా, లక్ష్మి అనే మాటకు శుభమే మిగిలింది. శ్రీసూక్తం నాటికి ఆ విభజన స్పష్టంగా కనిపిస్తుంది. అందులో జ్యేష్ఠను, అలక్ష్మిని తొలగించాలనే ప్రార్థన ఉంది.

మరో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. శుక్ల యజుర్వేదంలోని ‘శ్రీశ్చ తే లక్ష్మీశ్చ పత్న్యౌ’ అనే వాక్యం శ్రీని, లక్ష్మిని పరమపురుషుడికి ఇద్దరు పత్నులుగా చెప్పింది. తైత్తిరీయంలో, అంటే మన ప్రాంతంలో ఎక్కువగా వినిపించే పాఠంలో, శ్రీకి బదులు ‘హ్రీ’ ఉంటుంది. తర్వాతి కాలంలో శ్రీ, లక్ష్మి ఒక్కరే అయ్యారు కాబట్టి శ్రీదేవి, సిరి కూడా మీ నాయనమ్మ పేరుకు అప్పచెల్లెళ్లు అయ్యాయి.

అందులోనూ సిరి మన నేల మీద చాలా పాత పేరు. నాగార్జునకొండలో దొరికిన ఇక్ష్వాకుల నాటి ప్రాకృత శాసనాలు చూడండి. క్రీ.శ. మూడో శతాబ్దంలో అక్కడి మహాచైత్యానికి, అంటే పెద్ద బౌద్ధ స్తూపానికి, దానం చేసిన రాజవంశపు స్త్రీ పేరు చాంతిసిరి. అదే వంశంలో అడవి చాంతిసిరి ఉంది, కొడబలిసిరి ఉంది, బాపిసిరినిక ఉంది. ఇవాళ విజయలక్ష్మి, వరలక్ష్మి, నాగలక్ష్మి అని పేరు చివర లక్ష్మిని చేర్చుకున్నట్టే ఆనాడు కృష్ణ ఒడ్డున సిరిని చేర్చుకున్నారు. ఈ అలవాటు వయసు పదిహేడు వందల ఏళ్లు!

లక్ష్మి జనం నోట మారిన తీరును గమనిస్తే రెండు దారులు కనిపిస్తాయి. ‘క్ష’ ఒక దారిలో ‘చ్చ’ అవుతుంది, మరో దారిలో ‘క్క’ అవుతుంది. రాక్షసి రక్కసి, పక్షి పక్కి, అక్షరం అక్కరం అయినవి రెండో దారివి. లచ్చి, లచ్చమ్మ, లచ్చుమమ్మ, లచ్చిందేవి మొదటి దారిలో వచ్చాయి. కొండవీటి కుమారగిరిరెడ్డి ఆస్థానంలో నాట్యమాడిన లకుమ పేరు రెండో దారిది. సంగీతం నేర్చుకునే పిల్లలు మొదట పాడే మలహరి గీతంలో పురందరదాసు ‘లంబోదర లకుమికర’ అన్నారే, ఆ లకుమి కూడా లక్ష్మే. ‘లచ్చుమి’లోనూ ‘లకుమి’లోనూ మధ్యన చేరిన ‘ఉ’, మూడు హల్లులు ఒకేచోట కలిసిన ‘క్ష్మ’ను పలకడానికి నాలుక చేసుకున్న వెసులుబాటు. తెలంగాణలో ఇదే పేరు లసుమవ్వ, లస్మవ్వ అయింది. తమిళంలో మాట మొదట ‘ల’ రాకూడదనే నియమం వల్ల ముందు ఒక ‘ఇ’ చేరి ఇలక్కుమి అయింది. తిరుమగళ్ అనే అచ్చ తమిళ రూపం కూడా వారికి ఉంది. బెంగాలీలు లక్ష్మీ అని రాసి లొక్‌ఖి అని పలుకుతారు, బుద్ధిమంతురాలైన పిల్లను కూడా ఆ మాటతోనే మెచ్చుకుంటారు. ఇండొనేసియా జావాలో ‘శ్రీ’ ఆడవారికి సర్వసాధారణమైన పేరు. అక్కడ మతంతో పని లేకుండా ముస్లిం స్త్రీలూ ఆ పేరు పెట్టుకుంటారు.

కోడలిగా వచ్చే అమ్మాయికి కొత్త పేరు పెట్టే ఆచారం మరాఠీ కుటుంబాల్లో ఉంది. మణికర్ణికగా పుట్టిన అమ్మాయి 1842లో ఝాన్సీ పాలకుడు గంగాధరరావును పెళ్లాడి లక్ష్మీబాయి అయింది. మన ప్రాంతంలో మాత్రం క్షేత్రాల పేర్ల ప్రభావం ఎక్కువ. మంగళగిరి అమ్మవారు రాజ్యలక్ష్మి, అహోబిలం నరసింహుడి దేవేరి చెంచులక్ష్మి, విశాఖపట్నం అమ్మవారు కనకమహాలక్ష్మి. ఈ పేర్లన్నీ ఇళ్లలోకి వచ్చాయి.

హ్రస్వమా దీర్ఘమా అన్నది మంచి ప్రశ్న. సంస్కృతంలో ఇది దీర్ఘాంతమే. పైగా నదీ, గౌరీ వంటి మాటలకు లేని విసర్గ దీనికి ఉంది: లక్ష్మీః. ఇందాక చూసిన ‘లక్ష్మీశ్చ’లో ‘శ్’, ‘లక్ష్మీర్నిహితా’లో ‘ర్’ ఆ విసర్గ మారిన రూపాలే. తెలుగులోకి వచ్చేటప్పుడు విసర్గ పోతుంది, చివరి దీర్ఘం హ్రస్వమవుతుంది. రమా రమ అయింది, గౌరీ గౌరి అయింది, లక్ష్మీ లక్ష్మి అయింది. ఒకే అచ్చు ఉన్న శ్రీ, స్త్రీ వంటివి మాత్రం దీర్ఘాన్ని వదలవు. కాబట్టి పేరు చివర వస్తే హ్రస్వం: లక్ష్మి, విజయలక్ష్మి. సమాసంలో ముందు వస్తే దీర్ఘం: లక్ష్మీనారాయణ, లక్ష్మీదేవి. ‘అమ్మ’ చేరితే ఇకారం లోపించి లక్ష్మమ్మ, లచ్చమ్మ అవుతాయి. ఇంగ్లిషు అక్షరాల్లో కొందరు ‘కెఎస్‌హెచ్’ రాస్తారు, కొందరు ‘ఎక్స్’ రాస్తారు. రెండూ చెల్లుతాయి, కానీ పాప జనన ధ్రువపత్రంలో ఏది రాయిస్తే మిగతా కాగితాలన్నిటిలోనూ అదే ఉండేలా చూసుకోండి.

పాపకు లచ్చి అనే పేరే పెట్టినా దోషం లేదు. ఇంట్లో పెద్దలు ఒప్పుకోకపోతే లకుమ ఉంది, సిరి ఉంది. రెండూ మీ నాయనమ్మ పేరే. కాగితాల మీద ఏ రూపం ఉన్నా, ఊయలలో పిల్లను లచ్చమ్మా అని పిలుచుకోండి.